పాస్టరమ్మ తడి జుట్టు

మంగళవారం పొద్దున పాస్టర్ తక్ గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. వేకువ ప్రార్థన ముగించి, ఒక కునుకు తీసి, పాంగ్ డీకనమ్మతో కలిసి నాలుగిళ్ళు దర్శించాలి. ప్రతి ఇంట్లోనూ కోసిపెట్టిన పళ్ళూ, బియ్యప్పిండి కేకులూ మొహమాటం కొద్దీ తినాలి. మధ్యాహ్నానికి ఇల్లు చేరి ఇంకేమీ తినకుండా నడుం వాల్చాలి. కొరియాలో కున్‌సన్ రేవు దగ్గర ఉన్న ఆ చిన్న చర్చికి ఇరవై ఏళ్ళుగా ఆయనే కాపరి. ఆ ఇరవై ఏళ్ళలో ఇలాంటి మంగళవారాలు ఎన్నో నిక్షేపంలా గడిచిపోయాయి. డీకనమ్మ కారు బస్టాపు దగ్గర ఎర్రదీపానికి ఆగకుండా ఉంటే ఇది కూడా అలాగే గడిచిపోయేది.

బస్టాపులో ఆయన భార్య పాస్టరమ్మగారు బస్సు దిగుతున్నారు. మే నెల ఎండలో ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని ఉన్నారు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వాటి చుట్టూ గుండ్రంగా కమిలిన గీతలు. ఎవరి కంటా పడకూడదన్నట్టు గోడవారగా గబగబా నడిచి సందులోకి తిరిగిపోయారు.

"అయ్యగారూ, ఆవిడ మన అమ్మగారు కదూ?" అంది డీకనమ్మ స్టీరింగు వదిలేసి.

"ఆఁ... ఆమే."

"ఎండలో ఆ టోపీ ఏమిటండీ? ఆ కళ్ళేమిటి? ఏడ్చినట్టున్నారు!"

"అబ్బే, ఏడుపేం కాదమ్మా."

"మరి?"

ఈ ప్రశ్నకు జవాబు చాలా చిన్నది. ఈత. పాస్టరమ్మగారు చలికాలం చివర్లో ఊరవతల ఈతకొలనులో చేరారు. మంగళవారం, గురువారం పొద్దున ఒక గంట. ఈత కళ్ళజోడు వల్ల గీతలు, కొలను నీళ్ళలో కలిపే మందు వల్ల ఎరుపు, తల ఆరబెట్టుకునే యంత్రం పాత సభ్యురాళ్ళ చేతిలోంచి తనదాకా రాదు కనుక టోపీ. ఇందులో దాచవలసిన పాపం ఏమీ లేదు. అయినా చేరిన రోజునే ఆవిడ భర్తను కూర్చోబెట్టి అడిగారు. "ఏమండీ, ఈ ఒక్క సంగతి మాత్రం చర్చిలో ఎవరికీ చెప్పకండి. ప్రసంగంలోకి అస్సలు లాగకండి" అని. ఆయన సరేనన్నారు.

ఆవిడ అలా అడగడానికి కారణం ఉంది. అయ్యగారి ప్రసంగాలు సంఘానికి ఎంతో ఇష్టం. ఎందుకంటే వాటి నిండా ఆయన ఇల్లే ఉంటుంది. పాస్టరమ్మ గురక పెట్టిన సంగతీ, పాస్టరమ్మ సముద్రపు నాచు చారులో ఉప్పు రెండుసార్లు వేసిన సంగతీ రేవు వీధిలో చంటిపిల్లలకు కూడా తెలుసు. ఆవిడ పేరు మాత్రం ఎవరికీ తెలియదు. చర్చిలో ఆవిడ పాస్టరమ్మ, ఇంట్లో "ఇదిగో". ఈతకొలనులో మటుకు యోన్‌సిల్. అక్కడ మక్‌సూన్ అక్క అని రేవు బజారులో ఎండుచేపలు అమ్మే మనిషి ఉంది. కొలనులో తాళ్ళు కట్టి విడదీసిన వరసల్లో నాలుగోది మొత్తం ఆవిడ సామ్రాజ్యం.

"ఒసేయ్ యోన్‌సిల్, కాళ్ళు ఆడించవే! గంజి కలుపుతున్నట్టు ఏమిటా ఆడించడం?" అని అరిచేది. ఈత అయ్యాక ఉడికించిన చిలగడదుంప చేతిలో పెట్టి, అత్తగారి మీద చెప్పకూడని జోకులు చెప్పేది. ఒకసారి "మీ ఆయన ఏం చేస్తాడే?" అని అడిగింది.

"జనంతో మాట్లాడే ఉద్యోగం, అక్కా."

"ఇన్సూరెన్సా?"

"అలాంటిదే."

"అయితే నాకు మాత్రం పాలసీ అంటగట్టకు" అని మక్‌సూన్ అక్క ఆ విషయం అక్కడితో వదిలేసింది. ఆ వారం పాస్టరమ్మగారు నవ్విన నవ్వు ఇరవై ఏళ్ళలో నవ్వలేదు. ఆ సంగతి ఇంటికి వచ్చి భర్తకు చెప్పుకున్నారు. ఆయన కూడా నవ్వారు. నోరు కట్టుకుని కూర్చున్నారు కూడా. అందుకే ఇప్పుడు కారులో ఆయన నాలుక తడబడింది. ఈత అనకూడదు. ఏమీ లేదంటే డీకనమ్మ నమ్మదు. ఏ మాటనైనా ముగించడానికి ఇరవై ఏళ్ళుగా వాడుతున్న ముక్కే దానంతట అది నోట్లోంచి వచ్చేసింది.

"ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండమ్మా."

దీపం పచ్చగా మారింది. వెనక కార్లు హారన్లు కొట్టాయి. డీకనమ్మ మాత్రం కదల్లేదు. సంఘంలో ఎవరికి ఏం వచ్చినా జ్ఞాపకం చేసుకొమ్మని అయ్యగారు చెబుతారు, నిజమే. కానీ సొంత ఇంటి గురించి ఆ మాట ఆయన ఎన్నడూ అనలేదు.

"అర్థమైంది అయ్యగారూ" అంది చివరికి గొంతు తగ్గించి. "ఇంకేం చెప్పకండి. నేను ఎవరికీ చెప్పను."

నిజంగానే చెప్పలేదు. ప్రార్థన కోసమని స్త్రీల సమాజం అధ్యక్షురాలికి మాత్రం చెప్పింది. ఆవిడ కూడా ప్రార్థన కోసమే ఇంకో ఇద్దరికి చెప్పింది. ఆ చర్చిలో కబుర్లు చెప్పుకోవడం తప్పు కనుక ఎవరూ కబుర్లు చెప్పుకోరు. ప్రార్థన మనవులే చెప్పుకుంటారు.

బుధవారం మధ్యాహ్నానికి పాస్టరుగారి గుమ్మంలో గంజి గిన్నెలు బారులు తీరాయి. ఆల్చిప్పల మాంసం గంజి, నువ్వుల గంజి, గుమ్మడికాయ గంజి. పెట్టినవాళ్ళు తలుపు తట్టకుండానే కళ్ళొత్తుకుంటూ వెళ్ళిపోయారు. "ఏమిటండీ ఇది, మనకేమైనా పళ్ళూడాయనుకున్నారా?" అని పాస్టరమ్మగారు ఆశ్చర్యపోయారు. విషయం చెప్పడానికి అయ్యగారికి అది బంగారంలాంటి అవకాశం. "నిన్న నేను ఇలా నోరు జారాను" అంటే ఆవిడ కాస్త కోప్పడి, డీకనమ్మకు తనే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవారు. అక్కడితో అయిపోయేది. కానీ ఆ కోపం ఆయనకు భయం. నోట్లో చెంచా పెట్టుకుని "బాగుందే గంజి" అన్నారు.

గురువారం ఈత నుంచి వస్తూ ఆవిడ మళ్ళీ టోపీతో కనిపించారు. టోపీ కింద జుట్టు లేదని ఆ సాయంత్రానికి తేలిపోయింది. జుట్టెందుకు ఊడిందన్నది ఎవరూ పైకి అనలేదు. అందరికీ అర్థమైంది. ఫొటో స్టూడియో నడిపే సంఘపెద్ద నమ్‌గుంగ్ గారు అయ్యగారిని ఒంటరిగా పట్టుకుని చేతులు నొక్కారు.

"నా దగ్గర దాచకండి. ఏ భాగం?"

"అయ్యో, ఏ భాగమూ కాదండీ పెద్దగారూ."

నమ్‌గుంగ్ గారి మొహం పాలిపోయింది. "అంటే... ఒళ్ళంతానా?"

శుక్రవారం వేకువన మందిరం నిండిపోయింది. దీపాలు తగ్గించారు. నాయకత్వం వహించిన డీకనమ్మ మర్యాదకు పేరు చెప్పలేదు. "మనలో ఒక ప్రియమైన సహోదరి భయంకరమైన వ్యాధితో పోరాడుతోంది, అందరం ఒక్కసారిగా గొంతెత్తుదాం" అంది. అందరూ "ప్రభువా!" అని మూడుసార్లు కేకపెట్టి ప్రార్థన మొదలుపెట్టారు. వెనక బల్ల మీద అందరికన్నా గట్టిగా ఏడ్చి ప్రార్థించింది పాస్టరమ్మగారు. ఎవరో తెలియని ఆ సహోదరి కోసం గుండెలు బాదుకున్నారు. ఆవిడ ఏడుపు చూసి సంఘమంతా ఇంకా ఏడ్చింది. అయ్యగారు వేదిక మీద కళ్ళు గట్టిగా మూసుకుని, తనను భూమి మింగేయాలని ప్రార్థించారు. ఆ మనవికి జవాబు రాలేదు.

ఇంటికి నడుస్తూ ఆవిడ ముక్కు చీదుకుంటూ అడిగారు. "పాపం ఎవరండీ ఆవిడ?"

"అదీ..."

"సరే, చెప్పకూడదంటే చెప్పకండి. మనింట్లో అంత గంజి పడి ఉంది కదా, ఆవిడకు పంపిస్తాను."

అన్నట్టే గిన్నెలన్నీ మూటకట్టి డీకనమ్మ ఇంటికి తీసుకెళ్ళారు. "ఆ జబ్బుమనిషికి ఇవ్వండమ్మా, పాపం ఆవిడకే అవసరం" అన్నారు. డీకనమ్మ గిన్నె పట్టుకునే లోపలే గుమ్మంలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడకు అంతా తేటతెల్లమైంది. ఈ తల్లికి తన జబ్బు సంగతి తనకే తెలియదు! అయ్యగారు దాస్తున్నారు. అక్కడ అలా దాచడం కొత్తేమీ కాదు. ధైర్యం చెడుతుందని ఇంట్లోవాళ్ళే డాక్టరు చేత అబద్ధం చెప్పిస్తారు. కాబట్టి ఆ సాయంత్రం నుంచి సంఘం మొత్తం ఆ అబద్ధంలో భాగం పంచుకుంది. పాస్టరమ్మగారు ఎదురైతే నవ్వేవారు, సందు మలుపు తిరిగి ఏడ్చేవారు.

శనివారం నమ్‌గుంగ్ గారు ఆవిడను స్టూడియోకి పిలిచారు. "ఊరికేనమ్మా, కొత్త కెమెరా వచ్చింది" అన్నారు. స్త్రీల సమాజం అక్కడి ఆడవాళ్ళు పండక్కి కట్టుకునే లేత నేరేడు రంగు పట్టు పరికిణీ తెచ్చి కట్టించింది, తల దువ్వబోయి ఎందుకో చేతులు వెనక్కి తీసుకుంది. టోపీ తీసేసరికి ఒత్తుగా ఉన్న జుట్టు చూసి డీకనమ్మ "ఎంత ఖరీదైన విగ్గో!" అని పక్కావిడ చెవిలో గొణిగింది. ఫొటో సాయంకాలానికల్లా ఫ్రేముతో సహా ఇంటికి వచ్చింది.

అయ్యగారు ఆ ఫ్రేమును జానతో కొలిచి చూశారు. ఆ కొలత ఆయనకు బాగా తెలుసు. ఇరవై ఏళ్ళుగా ప్రతి అంత్యక్రియలోనూ తెల్ల చామంతుల మధ్య అదే కొలత ఫ్రేము ముందు నిలబడి ఆయన ప్రార్థన చేశారు. చివరి ఫొటో ముందే తీయించి ఉంచుకోవడం ఆ ఊళ్ళో ముసలివాళ్ళకు అలవాటు. తన భార్యకు యాభై మూడేళ్ళు.

ఆవిడ మాత్రం ఫొటోను గోడకు ఆనించి కూర్చుని చూసుకుంటున్నారు. "బాగా వచ్చాను కదండీ. పెళ్ళయ్యాక నేనొక్కదాన్నే ఉన్న ఫొటో ఇదొక్కటే."

అప్పుడైనా చెప్పవలసింది. నోరు తెరిచారు కూడా. ఆవిడ మొహంలో సంతోషం చూసి మళ్ళీ మూసుకున్నారు. రేపు సంఘానికి నిజం చెప్పేస్తే అన్నీ సర్దుకుంటాయనుకున్నారు. జనం ముందు ధైర్యంగా మాట్లాడటం ఆయనకు అలవాటే. ఇంట్లో ఒక్క మనిషి ముందు మాట్లాడటమే రాదు.

ఆదివారం ప్రసంగం మధ్యలో ఆపి అయ్యగారు అన్నారు. "ప్రియులారా, నా భార్యకు ఏ జబ్బూ లేదు. ఆమె వారానికి రెండుసార్లు ఈతకు వెళ్తోంది. ఆ టోపీ తడి జుట్టు కోసం. కళ్ళ చుట్టూ గీతలు ఈత కళ్ళజోడువి. తప్పంతా నాది."

 ముందుగా ఎవరో "హల్లెలూయా!" అన్నారు. చప్పట్లు మోగాయి. నమ్‌గుంగ్ గారు నిలబడి ఏడ్చారు. డీకనమ్మ పాస్టరమ్మగారిని కావలించుకుని జుట్టు గట్టిగా లాగి చూసి, "నిజమైనదే!" అని ప్రకటించింది. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వు చూసి, ఉత్సాహం ఆపుకోలేక అయ్యగారు ఇన్సూరెన్సు ఏజెంటు సంగతి కూడా చెప్పేశారు. ఆయన జీవితంలో అంత బాగా పండిన ప్రసంగం లేదు.

పాస్టరమ్మగారు కూడా నవ్వారు. పాస్టరమ్మలు నవ్వే నవ్వు. ఇంటికి వచ్చి పట్టు పరికిణీ ఫొటోను గోడవైపు తిప్పి పెట్టి, చాలా మామూలుగా అన్నారు.

"ఇన్నేళ్ళలో నేను చెప్పొద్దని అడిగింది ఆ ఒక్కటేనండీ."

"జనం ఏడుస్తున్నారని..."

"జనం ఏడుస్తున్నారని తెలుసు. నేను కూడా ఏడ్చాను కదా, నాకోసం నేనే. అప్పుడైనా నాతో ఒక్క మాట అనలేకపోయారా?"

 

మంగళవారం పాస్టరమ్మగారు ఈతకొలనులో దిగి నాలుగో వరస దాకా వెళ్ళారో లేదో, కొలను ఆ చివరి నుంచి కేక వినిపించింది. "పాస్టరమ్మగారూ! వందనాలండీ!" కొత్త టోపీలు, కొత్త కళ్ళజోళ్ళతో స్త్రీల సమాజం మొత్తం గట్టు మీద నిలబడి ఉంది. డీకనమ్మ ముందు నడుస్తోంది. వారం పాటు తాము మనసులో చంపేసుకున్న మనిషికి తోడుగా ఉండాలని అందరూ ఒక్క మాట మీద చేరిపోయారు. అందులో ప్రేమే ఉంది. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు, అదే చిక్కు.

స్నానాల గదిలో ఇంకా ఘోరం. అక్కడ గుడ్డలూ ఉండవు, హోదాలూ ఉండవు. ఎవరి వీపు ఎవరైనా రుద్దుతారు. డీకనమ్మ రుద్దుడు గుడ్డ చేతికి తొడుక్కుని, "అమ్మగారూ, ఇలా తిరగండి, నాకు ఈ భాగ్యం దక్కనివ్వండి" అని వెంటపడింది. వెనక ఇద్దరు తమ వంతు కోసం నిలబడ్డారు. పాస్టరమ్మగారు సబ్బు నురగ కడుక్కోకుండానే తువ్వాలు చుట్టుకుని బట్టల గదిలోకి పారిపోయారు.

అక్కడ బల్ల మీద మక్‌సూన్ అక్క చిలగడదుంపల సంచీ ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. పాస్టరమ్మగారు పక్కన కూర్చోబోతే ఆవిడ గబుక్కున లేచి చోటిచ్చింది.

"అక్కా, ఏమిటిది, కూర్చో."

"కూర్చోండమ్మా, మీరు కూర్చోండి. నాకేం తెలుసు? ఇన్సూరెన్సు అనుకున్నాను. మీ ముందు నోటికొచ్చిందల్లా వాగాను, మనసులో పెట్టుకోకండి."

"అక్కా, నేను యోన్‌సిల్‌నే."

"అలాగేనమ్మా" అంది మక్‌సూన్ అక్క. చిలగడదుంప రెండు చేతులతో అందించింది. పెద్దవాళ్ళకు ఇచ్చినట్టు. జోకేమీ చెప్పలేదు.

పాస్టరమ్మగారు ఆ తర్వాత ఈతకు వెళ్ళలేదు. అయ్యగారు చేయగలిగిందల్లా చేశారు. డీకనమ్మను వెళ్ళొద్దని బతిమాలితే ఆవిడ బిక్కమొహం వేసింది. "నేనిప్పుడు వెల్లకిలా తేలగలను అయ్యగారూ! నా మోకాళ్ళ నొప్పి సగం పోయింది. దేవుడు పాస్టరమ్మగారి ద్వారా తెరిచిన దారి కదండీ!" అంది. ఎండుచేపల దుకాణానికి వెళ్ళి మక్‌సూన్ అక్క ముందు చేతులు కట్టుకుని నిలబడితే, ఆవిడ హడలిపోయి నాలుగు కట్టల చేపలు ఊరికే చుట్టి ఇచ్చింది. పక్క ఊళ్ళో ఇంకో కొలను ఉందని భార్యతో అంటే, "అక్కడా చర్చిలున్నాయి" అన్నారావిడ కూర తరుగుతూ. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు.

ఆయనకు ఆ వేసవి అంతా ప్రసంగాలు కుదరలేదు. ఇంట్లో సంగతి దేన్ని ముట్టుకున్నా చెయ్యి కాలినట్టయ్యేది. పుస్తకాల్లోంచి ఏవో పడవ కథలు చెప్పారు. జనం ఆవులించారు. ఇంట్లో ఆవిడ భోజనం వడ్డించేవారు, అడిగినదానికి జవాబు చెప్పేవారు. అంతకుమించి ఏమీ చెప్పేవారు కాదు. ఇదివరకు పొంగిపొర్లుతూ చెప్పే కబుర్లన్నీ తన దగ్గరికి రాకుండా ఎక్కడికి పోతున్నాయో ఆయనకు తెలియలేదు. వాటిని ఎంత తేలిగ్గా ఖర్చుపెట్టేశానా అని ఒంటరిగా కుమిలిపోయారు.

ఇలా ఉండగా ఒక గురువారం పొద్దున మందిరంలో మరిచిపోయిన బైబిలు కోసం వెళ్ళారు. మామూలుగా ఆ వేళకు అక్కడ ఇసకవేస్తే రాలదు. పూలు సర్దేవాళ్ళూ, నేల తుడిచేవాళ్ళూ, వంటింట్లో ఉల్లికాడలు ఒలుస్తూ ఒకరి మనవులు ఒకరికి చెప్పుకునేవాళ్ళూ. ఇప్పుడు నరపురుగు లేదు. అందరూ ఈతకొలనులో ఉన్నారు. ఊరు మొత్తం మీద స్త్రీల సమాజం లేని చోటు, మంగళవారం గురువారం పొద్దున, వాళ్ళ చర్చి ఒక్కటే.

తలుపు తోసేసరికి లోపల్నుంచి పాట వినిపించింది. కీర్తన కాదు. ఓడ దిగని మొగుణ్ణి తిడుతూ రేవు బజారులో ఆడవాళ్ళు పాడుకునే పాట. ముందు బల్ల మీద పాస్టరమ్మగారు చెప్పులు విప్పేసి వెల్లకిలా పడుకుని ఉన్నారు. జుట్టు విరబోసుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ గొంతెత్తి పాడుతున్నారు. పక్కన కాగితం మీద సగం కొరికిన చిలగడదుంప. ఆయన్ను చూసి పాట ఆపారు గానీ లేవలేదు.

"ప్రతిసారీ ఇక్కడికే వస్తున్నావా?" అన్నారు అయ్యగారు నెమ్మదిగా.

"ఊఁ."

 క్షమించమని ఆయన అప్పటికి చాలాసార్లు అడిగారు. ఇంకోసారి అడగబోయి మానుకుని, "నేనూ కాసేపు కూర్చోనా?" అన్నారు.

ఆవిడ పైకప్పు వైపు చూస్తూ ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

"వద్దండీ. మీరు కూర్చుంటే నేను పాస్టరమ్మనైపోతాను."

అయ్యగారు తల ఊపి, బైబిలు తీసుకోకుండానే బయటికి వచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేశారు. మెట్టు మీద కూర్చున్నాక లోపల పాట ఆగిన చోటి నుంచే మళ్ళీ మొదలైంది, ఈసారి ఇంకొంచెం గట్టిగా. గొంతు అంత బాగుంటుందని ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్ళ సేవలో ఆ మందిరంలో ఒక మనిషికి పూర్తిగా నెమ్మది దొరకడం ఆయన కళ్ళారా చూడటం అదే మొదలు. అందుకు ఆయన చేయవలసి వచ్చిందల్లా బయటికి రావడమే.